ఐదు కిలోల కల్లుప్పు

మా మిరియం సాధించిన మొదటి విజయం ఏమిటంటే, పెద్ద హోటల్ వంటమేస్త్రి విసిరిన ఇనప మూకుడు తగిలి ఎడమ కనుబొమ చీలి, రక్తం గడ్డం దాకా కారుతున్నా వెనుతిరగకుండా, ఆయన చేతిలో అరకిలో ఉప్పు పొట్లం పెట్టి రావడం. అప్పటికి దానికి పంతొమ్మిదేళ్ళు. ఐదు కుట్లు పడ్డాయి. కుట్లు విప్పకముందే ఆ మేస్త్రి మనిషిని పంపి అడిగించాడు, ఆ ఉప్పు ఇంకా ఉందా అని.

మా బజారు సంఘం ముప్పయ్యో ఏటి సంచిక వేస్తున్నాం, బజారు మనిషి ఒకరి గురించి రాసిపెట్టండి అని సంఘం వాళ్ళు నన్ను అడిగారు. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయినా ఈ మసాలా బజారులో నలభై రెండేళ్ళు హమాలీల ముఠాకి మేస్త్రిగా చేశాను. నూరు కిలోల బస్తాని మూడంతస్తులు ఎక్కించిన వీపు నాది. ముఠా చీటీలన్నీ నా చేతిరాతే, ఒక్క దాంట్లో కూడా కొట్టివేత ఉండదు. అందుచేత ఒప్పుకున్నాను. మా మిరియం గురించి రాస్తానంటే సంఘం గుమాస్తా నసిగాడు.

"జైల్లో ఉన్న మనిషి గురించా పెద్దాయనా?"

"బయట ఉన్న మీ గురించి రాయడానికి ఏముందిరా?" అన్నాను. కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు.

మిరియం నా తమ్ముడి పెద్ద కూతురు. తమ్ముడూ మరదలూ ఒకే బస్సు ప్రమాదంలో పోతే ఇద్దరు ఆడపిల్లలూ నా దగ్గర పెరిగారు. పెద్దది నల్లగా, పొట్టిగా, ముట్టుకుంటే మండేలా ఉండేది. ముఠా వాళ్ళే దానికి ఆ పేరు పెట్టారు. రెండోదాన్ని అందరూ చిన్నది అనేవాళ్ళు. పెద్దదానికి నోరు, చిన్నదానికి చేయి. నోరు అంటే మాట, చేయి అంటే వంట. చిన్నది ఎనిమిదేళ్ళప్పుడే పీట వేసుకుని పొయ్యి అందుకునేది.

ఇక ఆ ఉప్పు సంగతి. మేస్త్రి వండిన విందు తిని పొంగిపోయిన లాయరు ఒకాయన, ఆయనకి ఏదైనా కానుక ఇవ్వాలని మా బజారుకి వచ్చాడు. మిరియం అప్పుడు ఒక కొట్లో మిరియాలు జల్లెడ పట్టేది. "ఏమిస్తే బాగుంటుంది?" అని లాయరు షావుకారుని అడిగాడు. షావుకారు మెరుపు కాగితం చుట్టిన బాదంపప్పు పెట్టె చూపించాడు. జల్లెడ వెనకనుంచి మా పిల్ల అంది కదా, "ఆయనకి అది ఇస్తే మీ నెత్తినే కొడతాడు. అంతకుముందు వచ్చిన శాలువాతో పొయ్యి తుడిచాడు. మిఠాయి పెట్టె మురిక్కాలవలో వేశాడు. ముందు ఆయన డబ్బాలు చూడాలండీ."

"డబ్బాలేమిటి?"

"వండేవాళ్ళు ఏం కావాలో నోటితో చెప్పరు. డబ్బాలు చెబుతాయి."

చూడటానికి నా ముఠాతో పాటు తలమీద ఉల్లిపాయల బస్తా పెట్టుకుని హోటల్ వెనక దారిన వంటింట్లోకి పోయింది. మూడు రోజులు మోసింది. మూడో రోజు నాతో అంది, "పెద్దనాన్నా, ఆయనకి హోటల్ వాళ్ళు ఇచ్చే ఉప్పు పిండిలాగా ఉంది. తేమకి గడ్డ కడుతోంది. గ్లాసు అడుగుతో చితక్కొట్టి, వేళ్ళకి అందక, తిట్టుకుంటూ వేస్తున్నాడు." ఆ తరవాత వారం రోజులు కల్లుప్పు ఏరింది, ఎండబెట్టింది, మూడు వేళ్ళ మధ్య నిలిచేంత పలుకుగా దంచింది. దంచిన ప్రతి గుప్పెడూ నా చేత పట్టించి చూసింది. నా వేళ్ళు బస్తాలు పట్టిన వేళ్ళు, వాటికి తెలిస్తే ఎవరికైనా తెలుస్తుందట.

పొట్లం తీసుకుని వంటింట్లోకి అడుగుపెట్టిన వేళకి మేస్త్రి సహాయకుడు పాలు విరగ్గొట్టాడు. మేస్త్రి చేతికందిన మూకుడు విసిరాడు. సహాయకుడు వంగాడు. వాడి వెనక ఉన్నది మా పిల్ల. నేను గుమ్మంలో బస్తాతో ఉన్నాను. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది, కొబ్బరికాయ బండ మీద పడ్డట్టు. పడిపోతుందనుకున్నాను. పడలేదు. వంగి మూకుడు తీసుకుని, ఆయన దగ్గరికి నడిచి, రెండు చేతులూ చాచింది.

"మూకుడు ఇదుగోండి, ఉప్పు ఇదుగోండి. ఏది ముందు కావాలో తీసుకోండి."

మేస్త్రి పొట్లం విప్పి మూడు వేళ్ళు పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"ఎవరు చెప్పారే నీకు?"

"మీ వేళ్ళు."

"ఆ మూకుడు నువ్వే పట్టుకుపో," అన్నాడాయన. "రక్తం అంటినదాంట్లో నేను వండను." అదే ఆయన చెప్పిన క్షమాపణ. ఆయనతో పాతికేళ్ళు పనిచేసిన సహాయకుడికి అదీ దక్కలేదట.

మూడేళ్ళకి మా మిరియం సొంత కొట్టు పెట్టింది. బజారు చివర, ఆరడుగుల వెడల్పు, పైన రేకు. లోపలికి వెళ్ళగానే ఎదురుగా మేకుకి ఆ మూకుడు వేలాడేది. వంట చేసేవాళ్ళకి కానుక ఇవ్వాలనుకునేవాళ్ళు మాత్రమే అక్కడికి రావాలి. గిన్నెలుండవు, బొమ్మలుండవు. తినేసి చేయి కడుక్కునే తినుబండారాలూ ఉండవు. వండుకోవడానికి పనికొచ్చే సరుకే ఉండేది. పొట్లానికి నార తాడు కట్టి, ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో చీటీ మీద రాసి ఇచ్చేది.

వచ్చినవాళ్ళని కొట్లోంచి వెనక్కి పంపించేసేది. "వెళ్ళి మీ అత్తగారి వంటింట్లో ఏ డబ్బా మూత వదులైందో చూసి రండి. మూత వదులైందంటే రోజూ తీస్తున్నారని. దుమ్ము పట్టిన డబ్బా ఏదో కూడా చూడండి, అలాంటిది ఇంకోటి ఇచ్చి ఆవిడ ఉసురు పోసుకోకండి." ఒంటరిగా వండుకునే పెద్దావిడకి ఐదు లీటర్ల నూనె డబ్బా కొంటానని వచ్చిన మేనల్లుణ్ణి, "ఆవిడ ఆ డబ్బా ఎత్తి వంచగలదా? చేయి విరిగితే నువ్వు వచ్చి వండుతావా?" అని దులిపేసి, నాలుగు చిన్న సీసాలు ఇచ్చి పంపింది. తోటి పంతులమ్మ కొత్తగా రొట్టెలు కాల్చడం నేర్చుకుంటోందని ఇంకో పంతులమ్మ వస్తే, దాల్చినచెక్క, తేనె ఇచ్చింది. ఏలకులు అడిగితే ఇవ్వలేదు. "ఆవిడ డబ్బాలో ఏలకులు తొక్కతో సహా అలాగే ఉన్నాయన్నారు కదా. ఒలిచే ఓపిక లేని మనిషికి పని ఇస్తారా, కానుక ఇస్తారా?"

ఒక్క మాట మాత్రం అందరికీ చెప్పేది. "అడక్కండి. చూడండి. అడిగితే మొహమాటానికి అబద్ధం చెబుతారు."

ఎదుగుతుంటే ఏడ్చేవాళ్ళు ఉండనే ఉంటారు. పాత షావుకారు, అదే ఆ మెరుపు కాగితం ఆయన, తన బాదం పెట్టెలు బూజు పడుతున్నాయన్న కచ్చతో ఇద్దరు మనుషుల్ని పంపాడు. పట్టపగలు, బజారంతా చూస్తుండగా, వాళ్ళు కర్రలతో కొట్టు మీద పడ్డారు. తేనె సీసాలు, వెనిగర్ జాడీలు పగిలి వీధిలోకి ప్రవహించాయి. మిరియం గల్లాపెట్టె దగ్గరికి పోలేదు. సరుకు తోడే ఇనప చేట తీసుకుని మొదటివాడి మోకాలి చిప్ప మీద కొట్టింది. వాడు కూలబడ్డాడు. రెండోవాడు దాని ఎడమ చేతి చిటికెనవేలు వెనక్కి విరిచాడు. ఆ వేలు ఇప్పటికీ వంకరే. అప్పటికి నాకు అరవై ఆరు. రెండోవాడి పళ్ళు రెండు నేను రాల్చాను, ఆ రెండూ పైవరసవి. మర్నాడు మిరియం విరిగిన వేలికి కట్టుతో గాజుముక్కలు ఊడుస్తుంటే వంటమేస్త్రి వచ్చాడు. దాని చేతిలో చీపురు లాక్కుని మిగతాది ఊడ్చి వెళ్ళాడు. ఆయన తన వంటింట్లో కూడా ఎప్పుడూ చీపురు పట్టలేదని ఆ సహాయకుడే నాతో చెప్పాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. మా మిరియం రచ్చంతా గెలిచింది. ఇంట్లోనే ఓడింది. అది కూడా రాయకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

ఇది జరిగేనాటికి చిన్నదానికి పెళ్ళయి ఆరేళ్ళు. అల్లుడు రైలు గేటు అవతల లారీలు తూచే కాటా దగ్గర పని. తెల్లచొక్కా, నూనె రాసిన జుట్టు, నన్ను చూడగానే "రండి మామయ్యా" అని కుర్చీ వేసేవాడు. కుర్చీ వేసేవాణ్ణి చూసి నేను మోసపోయాను. బస్తా పైన మంచి గింజలు పోసి కింద మట్టి నింపేవాళ్ళని నలభై రెండేళ్ళు పట్టుకున్నవాణ్ణి, ఇంటికొచ్చిన అల్లుడి బస్తాలో చేయి పెట్టి చూడలేదు.

ఏటా చిన్నదాని పుట్టినరోజుకి మిరియం కానుక ఇచ్చేది. ముందు వారం ఏదో వంకతో వెళ్ళి డబ్బాలు చూసి వచ్చేది. కిందటేడాదికి ముందటేడు జూన్ చివర్లో కూడా అలాగే వెళ్ళింది. తిరిగొచ్చి నవ్వుతూ చెప్పింది.

"చిత్రం విన్నావా పెద్దనాన్నా. ఉన్నది ఇద్దరు మనుషులు. సోమవారం నేనే కిలో కల్లుప్పు ఇచ్చి వచ్చానా, ఆదివారానికి డబ్బా అడుగు కనిపిస్తోంది. ఏంటే ఇది, ఉప్పు తాగుతున్నారా అన్నాను. నిమ్మకాయలు ఊరబెడుతున్నానక్కా అంది. పెద్ద జాడీలట. దొంగముండ, నాకు చెప్పకుండా."

ఆ మాటలో తప్పు నాకు తెలియలేదు, దానికీ తెలియలేదు. ఊళ్ళో వాళ్ళందరికీ అడక్కండి అని చెప్పిన మనిషి, సొంత చెల్లెల్ని మాత్రం అడిగింది. అడిగి, చెప్పింది నమ్మింది. జాడీలెక్కడే అని చుట్టూ చూడలేదు.

వారం రోజులు కూర్చుని ఉప్పు ఏరింది. ఒక్కో పలుకూ అద్దంలా ఉంది. కొత్త గుడ్డ సంచి కుట్టి, ఐదు కిలోలు సరిగ్గా తూచి పోసి, మూతి నార తాడుతో బిగించి కట్టింది. చీటీ మీద "చేత్తో ఏరినది. ఏళ్ళ తరబడి నిలవుంటుంది" అని రాసింది.

జూలై ఆరు, మధ్యాహ్నం. చిన్నది వండింది, నలుగురం కూర్చోబోతున్నాం. ఆ వంటిల్లు ఎలా ఉంటుందంటే, తలుపు పక్కన సిమెంటు గట్టు, దాని మీద రెండు పొయ్యిల స్టవ్వు, పైన చెక్క అర, అర మీద వరసగా పద్నాలుగు రేకు డబ్బాలు. ఎండాకాలం పోయినా ఉక్కగానే ఉంది. చిన్నది మాత్రం మణికట్టు దాకా చేతుల జాకెట్టు వేసుకుంది. మిరియం సంచి తెచ్చి గట్టు మీద పెట్టింది.

"ఇదుగోవే, ఇంక ఏడాదంతా ఊరబెట్టుకో."

చిన్నది సంచి వంక చూసి అలాగే నిలబడిపోయింది. అల్లుడు వచ్చి చీటీ చదివాడు. నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అబ్బ, వదినా! నువ్వు మామూలు మనిషివి కాదు. దీనికి ఏం కావాలో భలే కనిపెట్టావు. ఇంక దుకాణానికి పరుగెత్తే పని తప్పింది."

నాకు అర్థం కాలేదు. నేనూ కాస్త నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మిరియం నవ్వలేదు. అప్పుడు చూసింది. అర మీద చూసింది, గట్టు కింద చూసింది. నిమ్మకాయల జాడీ ఒక్కటి లేదు. స్టవ్వు వెనక గోడకి ఆనించి ఒక గుడ్డ మూట ఉంది. అంచులు కాలి గోధుమరంగుకి తిరిగాయి. మిరియం దాన్ని తీసి విప్పింది. ఉప్పు. పెనం మీద వేయించి, మూటగట్టి, దెబ్బ తగిలిన చోట కాపడం పెట్టుకునే ఉప్పు.

మిరియం చెల్లెలి చేయి పట్టుకుని జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మోచేతి దాకా నలుపు, పసుపు, ఆకుపచ్చ. కొత్త దెబ్బ మీద పాత దెబ్బ. వీపు తిప్పి పైట తీసి చూసింది. నేను తల తిప్పుకున్నాను, కానీ అప్పటికే చూసేశాను. బెల్టు బిళ్ళ ముద్ర నాలుగుచోట్ల ఉంది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"అక్కా, భోజనం చల్లారిపోతుంది. కూర్చోండి."

"ఎన్నాళ్ళ నుంచే?"

"ఇది మా ఇంటి సంగతి వదినా," అన్నాడు అల్లుడు. ఇప్పుడు నవ్వడం లేదు. "కానుక ఇచ్చావు, తిన్నావు, పో."

"నేనింకా తినలేదు మరిదీ."

"చెప్పావుటే నువ్వు?" అని వాడు చిన్నదాని వైపు తిరిగాడు. అది ఏమీ చెప్పలేదని వాడికీ తెలుసు. అయినా జుట్టు పట్టుకుని దాని తల చెక్క అరకేసి కొట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. అర కూలి డబ్బాలన్నీ నేల మీద పడ్డాయి. పిండి, మిరియాలు, చక్కెర అన్నీ ఏకమయ్యాయి. చిన్నది వాటి మధ్య మోకాళ్ళ మీద పడింది. చెవి పక్కనుంచి రక్తం. వాడు మూడోసారి చేయి ఎత్తాడు.

మిరియం సంచిని మూతి దగ్గర రెండు చేతులతో పట్టుకుంది. నేను ముఠా మనిషిని, బరువు ఎలా తిప్పాలో దానికి నేర్పింది నేనే. చేతులతో కాదు, నడుముతో తిప్పాలి. అది నడుముతో తిప్పింది. మొదటి దెబ్బ వాడి మెడ పక్క ఎముక మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు వినబడింది. వాడు తిరిగేసరికి రెండోది దవడ మీద. వాడు కిందపడ్డాడు. పడ్డాక మూడోది కొట్టింది, ఎత్తిన ఆ చేయి మోచేతి మీద. నాలుగోది ఎక్కడ తగిలిందో నాకు కనబడలేదు. ఐదో దెబ్బకి సంచి చిరిగింది. వాడి ముఖం పగిలిన చోటల్లా ఉప్పు పడింది. పుండు మీద కారం చల్లినట్టు అంటుంటాం కదా. ఉప్పు చల్లితే మనిషి ఎలా అరుస్తాడో ఆ రోజు విన్నాను.

ఖాళీ సంచి పడేసి మిరియం పెనం కోసం చేయి చాచింది. అప్పుడు చిన్నది వెనకనుంచి దాని నడుం కరుచుకుంది.

"చాలక్కా! చాలు! చచ్చిపోతాడు!"

"చావనీ."

"వాడి కోసం కాదే! నీ కోసం! నిన్ను తీసుకుపోతారే!"

అక్కడ ఆగింది. చేతులు కడుక్కుంది. చిన్నదాని చెవి కడిగి తుడిచింది. నా వైపు తిరిగి, "పెద్దనాన్నా, స్టేషన్‌కి తోడు రా," అంది, ఏదో బజారుకి పిలిచినట్టు.

కోర్టులో నన్ను అడిగారు, మీరు అక్కడే ఉండి ఎందుకు ఆపలేదని. డెబ్బై నాలుగేళ్ళ ముసలివాణ్ణి, మోకాళ్ళు లేవలేదు అన్నాను. ఇప్పుడు రాస్తున్నాను, నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. రెండో దెబ్బకే ఆపి ఉంటే దానికి అంత శిక్ష పడేది కాదని మా లాయరు అన్నాడు. ఆ అపరాధం నాది, దాన్ని ఎక్కడ దించాలో తెలియక మోస్తున్నాను.

లాయరంటే ఎవరో కాదు, మొదటి ఉప్పు పొట్లం కొన్న ఆయనే. జడ్జి గారు మిరియాన్ని అడిగారు, చేసినదానికి బాధపడుతున్నావా అని. "ఒక్కదానికి పడుతున్నానండీ," అంది. "మా చెల్లెల్ని నేను అడిగాను. చూసి ఉండాల్సింది." అది విని జడ్జి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అయినా మనిషి పడిపోయాక కొట్టిన దెబ్బలు ఉన్నాయి కదా, రెండేళ్ళు వేశారు.

వాడికి దవడ అతికింది గానీ వంకరగా అతికింది. మోచేయి పూర్తిగా ముడుచుకోదు. కట్లు విప్పిన నాలుగు నెలలకి ఒక ఉదయం కొట్టుకి వచ్చాడు. కొట్టు ఇప్పుడు చిన్నదే చూసుకుంటోంది. నేను వెనక మిరియాలు ఆరబోస్తున్నాను.

"పద ఇంటికి," అన్నాడు.

చిన్నది తూస్తున్న పొట్లం కట్టడం పూర్తిచేసింది. "నాది ఇదే ఇల్లు," అంది.

"మీ అక్క లోపలుంది. ఈ ముసలాడు ఎన్నాళ్ళుంటాడు? ఆ తరవాత ఎవరున్నారే నీకు?"

"నువ్వు మాత్రం లేవు."

వాడు గల్లా దాటి లోపలికి అడుగు వేశాడు. నేను లేచేలోపే చిన్నది మేకు మీద మూకుడు తీసి విసిరింది. జీవితంలో ఎవరి మీదా చేయెత్తని పిల్ల. మూకుడు వాడి చెవి పక్కనుంచి పోయి వెనిగర్ జాడీకి తగిలింది. జాడీ పేలినట్టు పగిలి వాడి కాళ్ళ మీద పడింది. గురి తప్పింది గానీ పని తప్పలేదు. వాడు జాడీ వంక చూశాడు, చిన్నదాని చేతిలో ఇప్పుడున్న రెండు కిలోల తూకపురాయి వంక చూశాడు. కాటా మనిషి కదా, బరువు తెలుస్తుంది. వెనక్కి నడిచి బజారులో కలిసిపోయాడు. ఆ నెలలోనే విడాకుల కాగితం మీద సంతకం పెట్టి పంపాడు. చిన్నది కొట్టంతా తుడిచి, మూకుడు మళ్ళీ మేకుకి తగిలించి, అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే వచ్చిన బేరం చూసింది.

మిరియం సంగతికి వస్తే, జైల్లో దాన్ని వంటింట్లో వేశారు. సత్ప్రవర్తనకి నాలుగు నెలలు తగ్గించారు. మార్చి ఆరుకి వచ్చేయాలి. కానీ ఆ వంటింట్లో పాత ఖైదీ ఒక బండది ఉందట, కొత్తగా జైలుకొచ్చిన ఆడపిల్లల చేతుల మీద వేడి గంజి గరిటెతో పోసి నవ్వుతుందట. ఒకరోజు మిరియం ఒక పిల్ల చేతిని చూసింది. ఏమైందని అడగలేదు. చూసింది, అంతే. వెళ్ళి బండదాని చేతిలో గరిటె లాక్కుని, అదే గరిటెతో దాని వేళ్ళ కణుపులు పగలగొట్టింది. మూడు వేళ్ళు. విచారణ జరిగింది. బండదాన్ని వంటింట్లోంచి తీసేశారు. మా మిరియానికి తగ్గించిన రోజుల్లో పదకొండు పోయాయి.

మేమిద్దరం చూడటానికి వెళ్ళినప్పుడు నేను తిట్టాను. "ఇంటికొచ్చే ముందు నీకెందుకే ఈ పెత్తనం?"

"పదకొండు రోజులే కదా పెద్దనాన్నా. ఆ పిల్ల ఇప్పుడు తన చేత్తో అన్నం కలుపుకుని తింటోంది." తరవాత చెల్లెలి వంక చాలాసేపు చూసింది, చేతులు, మెడ, చెవి. "ఉప్పు ఎన్నాళ్ళకొకసారి కొంటున్నావే?"

నేను జవాబు చెప్పబోయాను. చిన్నది నన్ను ఆపింది. "అడక్కూడదన్నావుగా. వచ్చి డబ్బా చూసుకో."

ఆ మాటకి మిరియం నవ్విన నవ్వు బజారులో మా ముఠా షెడ్డుదాకా వినబడి ఉంటుంది.

అది విడుదలై వచ్చే రోజుకి కానుక ఏమివ్వాలా అని మేం తలలు బద్దలు కొట్టుకున్నాం. ఇరవై నెలలుగా దాని డబ్బాలు మూసే ఉన్నాయి, ఏ మూత వదులో చూసి లాభం లేదు. జైలు వంటింట్లో డబ్బాలుండవు, డ్రమ్ములే. చివరికి చిన్నదే గమనించింది. ములాఖత్తు గదిలో కాపలా ఆవిడ టిఫిన్ క్యారియర్ మూత తీస్తే, మిరియం మాట మధ్యలో ఆపి మిరియాల వాసన పీల్చింది. లోపల కారం, మిరియాలు రానివ్వరట, కళ్ళల్లో కొడతారని. అందుకని ఈ ఏటి కొత్త పంట మిరియాలు, బరువైన గింజ, నీళ్ళలో వేస్తే మునిగేది, అరకిలో ఏరి పెట్టింది చిన్నది. దంచలేదు. దంచుకోవడం దానికి ఇష్టం. వంటమేస్త్రి కూడా వస్తానన్నాడు, చేతిలో ఏమీ తేనని ముందే చెప్పాడు, వచ్చి వండుతాడట.

మా ఇంట్లో ఇప్పుడు కిలో కల్లుప్పు రెండు నెలలు వస్తోంది. జనవరి ఆఖర్లో కొన్నది ఇంకా సగం దగ్గర ఉంది. అది వచ్చి మూత తీసినా అడుగు కనబడదు. చేతికి మొదట అందేలా చిన్నది ఆ డబ్బా అర మీద ముందుకి జరిపి పెట్టింది.

వచ్చేది మార్చి పదిహేడు.